టీలో అల్లం వేసిందెవరు?

ఎనిమిదో శతాబ్దపు చైనాలో లు యూ అనే ఆయన టీ మీద ఒక పుస్తకం రాశాడు. టీ గురించి ప్రపంచంలో వచ్చిన తొలి గ్రంథంగా దాన్నే చెబుతారు. ఆకు ఎలాంటి నేలలో పండాలి, నీళ్లు ఎక్కణ్ణుంచి తేవాలి, అవి ఎంతవరకు మరగాలి, ఏ గిన్నెలో పోసుకుని తాగాలి, ఒక్కటీ వదలకుండా చెప్పాడు. చెబుతూ చెబుతూ ఒకచోట ఆయనకు చిర్రెత్తుకొచ్చింది. జనం టీలో అల్లం వేస్తున్నారట. ఉల్లికాడలు, ఎండు రేగుపళ్లు, నారింజ తొక్కలు, పుదీనా కూడా పడేసి కుతకుతా ఉడికిస్తున్నారట. అది కాలవలో పారబొయ్యాల్సిన నీళ్లతో సమానమని తేల్చేశాడు. ఎంత చెప్పినా ఈ అలవాటు పోవడం లేదని వాపోయాడు కూడా.

పన్నెండు వందల ఏళ్లు దాటిపోయాయి. అలవాటు పోలేదు. హైదరాబాద్‌లో మేముండే వీధి మలుపులో ఒక టీ బండి ఉంది. పొద్దున ఆరు కాకముందే అక్కడ చిన్న ఇనప రోట్లో అల్లం దంచుతున్న చప్పుడు మా మూడో అంతస్తు దాకా వినిపిస్తుంది. బండి మీద అల్లం టీ, యాలకుల టీ, బెల్లం టీ, లెమన్ టీ, పుదీనా టీ అని వరసగా పేర్లు రాసి ఉంటాయి. లు యూ గారి లెక్కన అదంతా మురుగే. ఆయన మాత్రం మరిగే నీళ్లలో చిటికెడు ఉప్పు వేసుకోవచ్చన్నాడు. పండితుడు వేసుకుంటే శాస్త్రం, పామరుడు వేసుకుంటే పాడుచేయడం!

నన్ను ఆలోచనలో పడేసింది ఆ పెద్దాయన కోపం. టీ చరిత్రలో అది మళ్లీ మళ్లీ ఎదురవుతుంది.

మనవాళ్లు టీ తాగడం తాతముత్తాతల నాటి అలవాటని చాలామంది అనుకుంటారు. నిజానికి సామాన్యుడి వంటింట్లోకి అది వచ్చి నూరేళ్లు అయ్యీ అవనట్టే. అస్సాం టీ మొదటిసారి లండన్ వేలంలో అమ్ముడైంది 1839లో. ఆ తర్వాత దశాబ్దాల తరబడి మన తోటల ఆకు ఓడలెక్కి పోవడానికే పండింది. 1903లో బ్రిటిష్ ప్రభుత్వం టీ సెస్సు చట్టం తెచ్చింది. ఎగుమతయ్యే టీ మీద వసూలు చేసిన ఆ డబ్బుతో టీకి ప్రచారం మొదలైంది. కొన్నాళ్లకు ఆ ప్రచారం మనవాళ్ల వైపు తిరిగింది. రైల్వే స్టేషన్లలో, బజార్లలో, మిల్లుల దగ్గర టీ కాచి చూపించారు. ఎలా కాయాలో దేశభాషల్లో రాసి బోర్డులు పెట్టారు. వాళ్లు నేర్పిన పద్ధతిలో ఆకు బాగా పడాలి, పాలు, చక్కెర కొద్దిగా చాలు.

ప్లాట్‌ఫాం మీద టీ అమ్ముకునేవాళ్లు పాఠం బుద్ధిగా విన్నారు. విని, తమకు తోచినట్టు చేశారు. పాలు పెంచారు, చక్కెర పెంచారు, ఖరీదైన ఆకు తగ్గించారు, ఆ వెలితిని అల్లంతోనూ యాలకులతోనూ మిరియాలతోనూ పూడ్చారు. ప్రచారం నడిపిన టీ సంఘం దొరలకు ఇది మింగుడుపడలేదు. ఆకు అమ్ముకోవడానికి తాము ఇంత తంటాలు పడుతుంటే జనం పోయి అల్లం కొంటున్నారాయె! ఇవాళ భారతదేశపు సంప్రదాయ పానీయమని ప్రపంచమంతా చెప్పుకునే మసాలా చాయ్ పుట్టుకలో సంప్రదాయం పాలు తక్కువ, ఈ చిల్లర వర్తకుల మాట వినకపోవడం పాలు ఎక్కువ.

ఇంకోవైపు నుంచి గాంధీగారు వచ్చారు. 1942లో ఆగాఖాన్ ప్యాలెస్ నిర్బంధంలో కూర్చుని ఆరోగ్యం మీద రాసిన చిన్న పుస్తకంలో టీ, కాఫీ, కోకో మనిషికి అక్కర్లేదన్నారు. ఆయన అలవాటు వేణ్ణీళ్లలో తేనె, నిమ్మరసం. అదే పానీయాన్ని ఇప్పుడు హనీ లెమన్ టీ అని పేరు పెట్టి మాల్‌లో గాజు కప్పులో పోసి అమ్ముతున్నారు. ఆయన చూస్తే నవ్వేవారే అనుకుంటాను. ఇక ఈనాటి టీ రసికుల సంగతి సరేసరి. డార్జిలింగ్ తొలికోత ఆకులో పాలు పోశామంటే వాళ్లు మనల్ని చూసే చూపు లు యూ చూపే.

ఇంతమంది ఇన్ని వైపుల నుంచి కాదంటున్నా మనిషి చెయ్యి అల్లం మీదికే ఎందుకు పోతుంది? రుచిగా ఉంటుంది కాబట్టి అనేస్తే తగువు తీరిపోతుంది. కానీ ఆ రుచిలో ఇంకేదో కలిసి ఉందని నా అనుమానం. రోజు మొత్తంలో మామూలు మనిషి ఇష్టానికి వదిలేసినవి ఎన్ని? ఏ వేళకు లేవాలో కంపెనీ బస్సు చెబుతుంది. ఏ పని ముందు చెయ్యాలో పైవాడు చెబుతాడు. ఎంతలో బతకాలో జీతం చెబుతుంది, జీతంలో ఎంత మిగలాలో పిల్లల స్కూలు ఫీజు చెబుతుంది. ఈ బందోబస్తు మధ్యలో, "ఇవాళ అల్లం కాస్త దండిగా వెయ్యి" అనగలిగే జాగా ఒకటి మిగిలింది. జానెడు జాగా. అక్కడ మాత్రం అతని మాటే చెల్లుతుంది.

ఆ జానెడు జాగాలోనూ తెలిసి చెయ్యాల్సిన పని చాలానే ఉంది. దంచిన పచ్చి అల్లాన్ని నేరుగా వేడెక్కుతున్న పాలల్లో వేస్తే విరిగిపోయే ప్రమాదం ఉంది. అల్లంలో మాంసకృత్తుల్ని తునకలు చేసే ఎంజైమ్ ఉంటుంది. దక్షిణ చైనాలో దాన్నే ఆసరా చేసుకుని, వేడిపాలను అల్లం రసం మీద పోసి, గడ్డపెరుగులా తోడుకున్న తీపి వంటకం చేస్తారు. టీ పెట్టేవాళ్లకు ఈ రసాయనమంతా తెలియక్కర్లేదు. ముందు నీళ్లు, నీళ్లలో అల్లం, అది బాగా మరిగి ఘాటు దిగాక టీపొడి, ఆ పైన పాలు. ఈ వరస తప్పకపోతే చాలు, మరుగులోనే ఎంజైమ్ పని అయిపోతుంది. యాలకుల వ్యవహారం దీనికి తలకిందులు. వాటి వాసన ఆవిరితో పాటే ఎగిరిపోతుంది కాబట్టి చిదిమి, దించే ముందు వేసి, మూతపెట్టాలి. నిమ్మకాయ పాలతో పొసగదు. పాలు లేని డికాక్షన్‌లో, అదీ పొయ్యి మీద నుంచి దించాక పిండాలి. పిండీ పిండగానే ముదురు రంగు విరిగి తేనెరంగుకు తిరుగుతుంది. రోజూ చూసేదే అయినా ఆ మారే క్షణం కోసం నేను గ్లాసులోకి వంగి చూస్తాను.

ఈ తెలివంతా ఏ గ్రంథంలోంచీ దిగి రాలేదు. ఇళ్లలో ఆడవాళ్లు, బండ్ల మీద మగవాళ్లు ఎన్నిసార్లు పాలు విరగ్గొట్టుకుని పోగేశారో! వాళ్లలో ఎవరి పేరూ మనకు తెలియదు.

అయితే ఈ ముచ్చటలో ముల్లు ఒకటుంది. చిన్న ఊరటలతో మనిషి సరిపెట్టుకుపోతే పెద్ద అన్యాయాల్ని ఎవరు నిలదీస్తారు? పొద్దున ఒక టీ, మధ్యాహ్నం ఒక టీ, సాయంత్రం ఒక టీ అంటూ రోజును దాటించేస్తుంటే, రోజు ఎందుకింత భారంగా ఉందన్న ప్రశ్న ఎప్పుడు పుడుతుంది? టీ కూడా ఒక నల్లమందేనా?

ఈ మాట ఉత్త అలంకారం కూడా కాదు. చైనా టీకి వెండి పోయలేక ఈస్టిండియా కంపెనీ మన గడ్డ మీద నల్లమందు పండించి చైనాలోకి దొంగదారిన దింపించింది. చైనా అడ్డుకుంటే బ్రిటిష్‌వాళ్లు యుద్ధానికి దిగారు. అది కూడా 1839లోనే. అస్సాం ఆకు లండన్‌లో తొలిసారి అమ్ముడైన ఏడాది, నల్లమందు కోసం ఫిరంగులు పేలిన ఏడాది ఒకటే. ఇంగ్లండులో ఆ టీ ఎవరు తాగారన్నది ఇంకో కథ. చక్కెర చరిత్ర మీద సిడ్నీ మింట్జ్ 1985లో రాసిన పుస్తకంలో ఆ కథ విప్పి చెప్పాడు. ఇంగ్లిషు కార్మికుడి ఇంట్లో వేడి వంటకూ, పోషణ ఉన్న తిండికీ బదులు చక్కెర వేసిన టీ వచ్చి కూర్చుంది. కరీబియన్ దీవుల్లో బానిసలు పండించిన చక్కెర, లంకాషైర్ మిల్లులో పనిచేసే మనిషి ఆకలిని కాసేపు చంపింది. దాన్ని ఊరట అనాలా, యంత్రానికి పోసిన బొగ్గు అనాలా?

మన మిల్లుల్లోనూ అంతే. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో టీ సంఘం వాళ్లు ఫ్యాక్టరీలు, గనులు, నూలు మిల్లుల యజమానులను ఒప్పించి టీ స్టాళ్లు పెట్టించారు, టీ తాగడానికి పనివాళ్లకు కాస్త వ్యవధి ఇప్పించారు. అలసట తీరితే పని బాగా సాగుతుందన్నది యజమానికి చెప్పిన లాభం. టీ బ్రేక్ అని మనం హక్కుగా అడిగే ఆ కాసేపు, మొదట ఎవరి మేలు కోసం పుట్టిందో చెప్పడం కష్టం.

కానీ ఆ కాసేపట్లో ఏం జరుగుతుందో యజమాని చేతిలో ఉండదు కదా. టీ తాగే వ్యవధిలో మనుషులు మాట్లాడుకుంటారు. జీతాల గురించి మాట్లాడుకుంటారు, మేస్త్రీ గురించి మాట్లాడుకుంటారు. హైదరాబాద్ ఇరానీ హోటళ్లను చూసినవాళ్లకు దీన్ని వేరే వివరించనక్కర్లేదు. మూతపెట్టిన పెద్ద పాత్రలో సన్నసెగ మీద గంటల తరబడి మగ్గిన డికాక్షన్, పక్క పాత్రలో చిక్కగా కాగిన పాలు. కప్పులో ముందు ఇది, తర్వాత అది. సాసర్లో ఉస్మానియా బిస్కట్. పాలరాతి బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంటే, ఒక్క చాయ్ మీద ఎంతసేపైనా గడిచేది. జేబులో చిల్లర తక్కువైతే వన్ బై టూ. చాయ్ పేరుతో ఆ హోటల్ అమ్మింది కుర్చీని, కాలాన్ని. అద్దెలు పెరిగి ఆ హోటళ్లు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. వాటి చోట వచ్చినవాటిలో చాలావరకు నిలబడి తాగి పోయే కౌంటర్లు. టీ రకాలు పది రెట్లయ్యాయి, కుర్చీలు తీసేశారు. చిన్న సుఖాన్ని తూచాలంటే నేను రుచిని ఒక్కదాన్నే తూచలేను. దానితో కూర్చునే హక్కు వచ్చిందా లేదా అన్నది కూడా చూస్తాను.

సుఖాన్ని అసలే నమ్మని దృష్టి మనకు కొత్త కాదు. ఆరేళ్లు ఒళ్లు శోషింపజేసుకున్న సిద్ధార్థుడు సుజాత ఇచ్చిన పాయసం తిన్నాడని బౌద్ధుల కథ. అది చూసి వెంట ఉన్న అయిదుగురు తాపసులూ ఆయన భ్రష్టుడైపోయాడని వదిలేసి వెళ్లిపోయారు. ఇక్కడా అదే కోపం గమనించండి. బోధి చెట్టు కింది మెలకువ ఆ పాయసం తర్వాతే వచ్చిందన్న సంగతిని మన వేదికల మీద ఎందుకో పెద్దగా చెప్పరు. ఒంటికి ఊరట దొరికితే బుద్ధి మొద్దుబారుతుందన్న భయానికి ఆ కథే మంచి జవాబు. గ్రీసులో ఎపిక్యురస్ ఒక మిత్రుణ్ణి చిన్న కుండెడు జున్ను పంపమన్నాడట, మనసైనప్పుడు విందు చేసుకుంటానని. భోగి అని లోకం ఆడిపోసుకున్న మనిషి కోరిన విందు అంత! ఆయన తోటలో స్త్రీలకూ బానిసలకూ కూడా చోటుండేదన్నది నాకు జున్నుకంటే ముఖ్యమైన విషయం.

మన చార్వాకులు ఇంకా సూటిగా మాట్లాడారు. వాళ్ల గ్రంథాలు మిగల్లేదు కానీ పద్నాలుగో శతాబ్దంలో మాధవాచార్యుడు సర్వదర్శన సంగ్రహంలో వాళ్ల వాదాన్ని, ఖండించేముందు, నిజాయితీగానే అప్పజెప్పాడు. దుఃఖం కలిసి ఉందని సుఖాన్ని వదులుకోవడం, పొట్టు ఉందని వడ్లు పారబోసుకోవడం లాంటిదని వాళ్ల మాట. నేను ఈ పక్షానే ఉన్నాను. ఈ లోకంలో, ఈ ఒంటితో, ఈ నాలుకతో దొరికే కాస్త హాయిని అబద్ధమనో అల్పమనో తీసిపారేసే తత్వం మనిషిని గౌరవించే తత్వం కాదనే నమ్ముతాను. పరలోకంలో అమృతం ఉందని చెప్పి ఇక్కడి టీ గ్లాసు లాక్కునేవాళ్ల మీద నాకు నమ్మకం తక్కువ. కానీ చార్వాకుణ్ణి కూడా ఒక ప్రశ్న అడగాలి. వడ్లు దంచేదెవరు? పొట్టు చెరిగేది ఒకరు, అన్నం తినేది ఒకరు అయితే ఆ ఉపమానం ఎక్కడ నిలుస్తుంది?

ఆ ప్రశ్న దగ్గరికి వెళ్లే ముందు మా ఇంటి అల్మారా గురించి కొంచెం. అమెరికా నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసుల్లో ఒకప్పుడు చాక్లెట్లు, సెంటు సీసాలు ఉండేవి. ఇప్పుడు వాటి పక్కన టీ డబ్బాలు చేరాయి. మా అల్మారాలో కూడా కొన్ని పోగయ్యాయి. బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు తొక్క నూనె పట్టించిన ఎర్ల్ గ్రే, చామంతి జాతి పూల కామొమిల్, నీళ్లు పొయ్యగానే నీలంగా తిరిగే శంఖుపూలు. ఆ నీలంలో నిమ్మచుక్క పడితే ఊదారంగు వస్తుంది, ఇంటికొచ్చిన పిల్లలకు అదో గారడీ. వీటన్నిట్లో నాకు ఇష్టమైంది మల్లెపూల టీ. చైనాలో ఫుజౌ వైపు పగలు కోసిన మొగ్గల్ని, రాత్రి అవి విచ్చుకునే వేళకు టీ ఆకుతో కలిపి ఉంచుతారు. తెల్లారాక పూలు ఏరేస్తారు. మళ్లీ కొత్త పూలు, మళ్లీ రాత్రి. మేలురకానికి ఈ తంతు చాలాసార్లు జరుగుతుంది. మన ముందుకొచ్చే కప్పులో పువ్వు ఉండదు, పువ్వు గడిపిన రాత్రులుంటాయి. మల్లెల కాలంలో పుట్టి పెరిగిన తెలుగువాడికి ఆ వాసన కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు.

ఈ డబ్బాల మీద నాకు పేచీ ఒక్కటే. వాటి మీద రుచి పేరు చిన్నక్షరాల్లో ఉంటుంది, ప్రశాంతత, గాఢనిద్ర, శుద్ధి అన్న హామీలు పెద్దక్షరాల్లో ఉంటాయి. పన్నెండు గంటలు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టే ఉద్యోగం నిద్ర పోగొడుతుంది, నిద్ర పట్టించే టీ బజారు అమ్ముతుంది. జీవితం మీద రావాల్సిన ఫిర్యాదును ఒక పొట్లంలో పెట్టి మన చేతికే తిరిగి ఇవ్వడం ఇది. చామంతి టీ వేడిగా, తేలిగ్గా, కమ్మగా ఉంటుంది. అంతవరకు చెబితే నేను హాయిగా తాగుతాను. దాంతో మనశ్శాంతి వస్తుందంటే కప్పు పక్కన పెట్టాలనిపిస్తుంది. ఆమాటకొస్తే ఇరవై డబ్బాల్లోంచి ఒకటి ఎంచుకోవడమూ, రోట్లో అల్లం తన చేతికొద్దీ దంచుకోవడమూ ఒకటేనా? రెండూ ఇష్టాలే. మొదటిదాంట్లో ఎవరో ముందే ఎంచిపెట్టినవాటిలోంచి మనం ఏరుకుంటున్నాం. దాన్ని తప్పనను. కానీ ఆ ప్లాట్‌ఫాం టీవాడి తలబిరుసు అందులో లేదు.

ఆ తలబిరుసు నాకు మొన్న మొన్నటి దాకా మా అపార్టుమెంట్‌లో నాలుగిళ్లలో పనిచేసిన ఒకావిడలో కనిపించింది. ఒకరోజు మా ఆవిడ టీ పెడుతుంటే ఆమె కొంగు ముడిలోంచి పచ్చటి గడ్డి పరకలు తీసి గట్టు మీద పెట్టింది.

"ఇది వేసి చూడండమ్మా. మా ఇంటి ముందు డబ్బాలో పెంచుతున్నా."

"నిమ్మగడ్డా? అల్లంతో కలుస్తుందా?"

"అల్లం వద్దు. పాలూ వద్దు. ఈ ఒక్కరోజు నా మాట వినండి."

పరకల్ని కత్తెరతో కాకుండా చేత్తో మెలితిప్పి తుంచి మరిగే నీళ్లలో వేసింది. వంటిల్లంతా నిమ్మవాసన. బెల్లం ముక్క కూడా తనే వేసింది. మా ఇంట్లో ఆ పది నిమిషాలూ వంటింటి అధికారం ఎవరిదో చెప్పనక్కర్లేదు. తాగుతూ ఆమె నవ్వుతూనే అన్న మాట ఇది: "ఆ మూడో ఇంట్లో నా గ్లాసు కిటికీ బయట పెడతారు సార్. మీ దగ్గరయితే ఏ గ్లాసైనా ఒకటే కదా, అందుకని తెచ్చా."

కిటికీ బయట గ్లాసు. మన ఊళ్ల సంగతి తెలిసినవాళ్లకు ఆ గ్లాసు ఎక్కడినుంచి నడిచి వచ్చిందో తెలుసు. తెలుగు పల్లెల్లో టీ దుకాణం చాలాకాలం రెండు గ్లాసుల దుకాణం. దళితుల గ్లాసు బయట చూరులో దోపి ఉండేది. తనే తీసుకోవాలి, ఎత్తి పోస్తే పట్టుకోవాలి, దూరంగా గొంతుక్కూర్చుని తాగాలి, తనే కడిగి మళ్లీ అక్కడే పెట్టాలి. డబ్బు మాత్రం ఇద్దరిదీ ఒకే గల్లాపెట్టెలో పడేది. టీ ఒకటే, అల్లం ఒకటే, ఆ అల్లం ఘాటు ఇద్దరి గొంతులోనూ ఒకలాగే దిగుతుంది. అయినా ఒకరికి అది ఊరట, ఇంకొకరికి పదిమందిలో తలవంపు. సుఖం వస్తువులో ఉంటుందని వాదించేవాళ్లు ఈ రెండో గ్లాసుతో తాగి చూడాలి. ఎన్నో పోరాటాలు జరిగాయి, కేసులు పడ్డాయి, చాలాచోట్ల ఆ పద్ధతి పోయింది. కొన్నిచోట్ల దాన్ని పోగొట్టింది ఏ సంస్కర్తా కాదు, తాగి పారేసే కప్పు. కప్పు పారేస్తే కడగక్కర్లేదు, కడగకపోతే ఎవరు తాగారన్న గొడవ లేదు. పర్యావరణానికి ఆ కప్పు చేటన్నది నిజమే. నేనూ గాజు గ్లాసే అడుగుతాను. కానీ గాజు గ్లాసు మీద ఇష్టం చూపించగలగడం వెనక నా పుట్టుక ఎంత ఉందో ఆలోచించకుండా ఉండలేను. గుండెలో ఉన్న రెండో గ్లాసు అలాగే ఉంది. లేకపోతే అది మా మూడో ఇంటి కిటికీ దాకా ఎలా ఎక్కి వస్తుంది?

ఇక వడ్లు దంచేవాళ్ల సంగతి. అస్సాం తోటలకు కూలీలు ఎక్కడెక్కడి నుంచో వెళ్లారు. ఛోటానాగపూర్ నుంచి ఎక్కువమంది, వాళ్లతో పాటు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కూడా. ఇవాళ్టికీ అస్సాం తోటల్లో తెలుగు మూలాలున్న కుటుంబాలున్నాయి. 1882 నాటి చట్టం ఒప్పందం దాటి పారిపోయిన కూలీని వారెంటు లేకుండా పట్టుకునే అధికారాన్ని తోట యజమానికే ఇచ్చింది. ఆ తోటల్లో పనివాళ్లు తాగే టీలో వేసుకునేది అల్లమో యాలకులో అనుకుంటే పొరపాటు. ఉప్పు. పాలు లేని డికాక్షన్‌లో ఉప్పు. ఎండలో చెమటోడ్చేవాళ్లకు ఒంట్లో ఉప్పు నిలవాలని ఆ టీ పని మధ్యలోనే పోస్తూ వచ్చారు. తరాలు మారేసరికి అదే వాళ్ల రుచి అయిపోయింది, ఇంట్లో కూడా అదే తాగుతారు. తోట కూలీల్లో రక్తపోటు ఎక్కువగా ఉండడానికి ఈ ఉప్పు ఒక కారణమని వైద్య పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు.

లు యూ చిటికెడు ఉప్పుకూ ఈ ఉప్పుకూ మధ్య నేను ఆగిపోతాను. రుచి అంటే మనిషి సొంత ఇష్టం ఆడే జాగా అని ఇందాక గట్టిగా చెప్పాను. మరి ఈ రుచి ఎవరి ఇష్టం? యజమాని అవసరం మూడు తరాల్లో పనివాడి నాలుక మీద ఇష్టంగా మారిపోతే, ఆ ఉప్పు టీ అతని ఊరట కాదని చెప్పే అధికారం నాకుందా? మానెయ్యమని చెప్పే డాక్టరుకు ఉంది. నాకు, ఆ ఆకు దూరంగా కూర్చుని తాగేవాడికి, ఉందనుకోను. వాళ్ల కప్పులో ఏం పడాలో చెప్పే మరో లు యూ అవతారం ఎత్తడం కన్నా, వాళ్ల చేతిలో ఏం పడుతోందో అడగడం మర్యాద.

ఆ ప్రశ్న వాళ్లే అడిగారు కూడా. 2015 సెప్టెంబరులో కేరళ మున్నార్‌లో ఆకు కోసే ఆడవాళ్లు వేల సంఖ్యలో రోడ్డు మీద కూర్చున్నారు. వాళ్ల రోజుకూలి అప్పటికి 232 రూపాయలు. 500 కావాలన్నారు, బోనస్ 20 శాతం కావాలన్నారు. తమ తరఫున మాట్లాడతామని వచ్చిన యూనియన్ నాయకులను, దాదాపు అందరూ మగవాళ్లే, దగ్గరికి రానివ్వలేదు. తొమ్మిది రోజుల తర్వాత బోనస్ విషయంలో యాజమాన్యం దిగొచ్చింది. కూలి మాత్రం ఆ తర్వాత జరిగిన ఒప్పందంలో 301 దగ్గర ఆగింది. దేశమంతా పొద్దున్నే తాగే టీ వెనక చేతులున్నాయని, ఆ చేతులకు నోరుందని, టీవీ చూసేవాళ్లకు ఆ కొద్దిరోజులూ గుర్తొచ్చింది.

ఈమధ్య మా వీధి మలుపు బండివాడు టీ పది నుంచి పన్నెండు చేశాడు. తొలిరోజు పెద్ద రభసే అయింది.

"రెండు రూపాయలు ఒక్కసారే పెంచుతావా అన్నా?"

"పాలు పెరిగాయి సార్. గ్యాస్ పెరిగింది. చక్కెర చూడండి ఎంతుందో."

ఒకాయన పాల ధర మీద, ఇంకొకాయన ప్రభుత్వం మీద మాట్లాడారు. గ్యాస్ సబ్సిడీ మీద ఇద్దరు వాదించుకున్నారు. ఆకు పెరిగిందా, తగ్గిందా అని ఎవరూ అడగలేదు, అతనూ ఎత్తలేదు. చివరికి అందరూ పన్నెండు ఇచ్చారు. వెళ్తూ వెళ్తూ స్కూటర్ స్టార్ట్ చేసిన పెద్దమనిషి ఒకాయన వెనక్కి తిరిగి గట్టిగా హెచ్చరించాడు, రేటు పెంచితే పెంచావు గానీ అల్లం మాత్రం తగ్గించావంటే ఊరుకునేది లేదని.